బహుళధ్రువ ప్రపంచం మీద డిసర్టేషన్ రాస్తున్నా, కానీ అసలు ప్రశ్నే దొరకట్లేదు

తెల్లకాగితం:

అందరికీ నమస్తే. నేను ఎంఏ పొలిటికల్ సైన్స్ ఫైనల్ ఇయర్, అంతర్జాతీయ సంబంధాలు స్పెషలైజేషన్. డిసర్టేషన్‌కి "బహుళధ్రువ ప్రపంచంలో దౌత్యం" అని టాపిక్ పెట్టుకున్నా. సినాప్సిస్ రెండుసార్లు ఇచ్చా, రెండుసార్లూ మా గైడ్ "ఇందులో ప్రశ్న ఎక్కడుంది?" అని రాసి వెనక్కిచ్చారు. ఆయన మంచాయనే, ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు కూడా, కానీ బయటికొచ్చాక మళ్ళీ నాకు ఎక్కడ మొదలెట్టాలో అర్థం కావట్లేదు.

నేను రాసింది క్లుప్తంగా ఇదీ: ప్రచ్ఛన్న యుద్ధంలో రెండు ధ్రువాలు, అంటే రెండు పెద్ద శక్తి కేంద్రాలు, ఉండేవి, 1991లో సోవియట్ యూనియన్ పోయాక అమెరికా ఒక్కటే మిగిలింది, ఇప్పుడు చైనా, రష్యా, ఇండియా, యూరోపియన్ యూనియన్ ఇలా చాలా కేంద్రాలు వచ్చాయి, అందువల్ల దౌత్యం స్వరూపం మారింది. తర్వాత బ్రిక్స్ మీద ఒక చాప్టర్, భద్రతా మండలి సంస్కరణల మీద ఒక చాప్టర్, చివర్లో ముగింపు.

ప్రపంచం బహుళధ్రువం అయిందని అందరూ అంటున్నారు కదా, మరి దాన్ని నేను నిరూపించాలా, లేక అయిందనుకుని మొదలెట్టొచ్చా? రియలిజం, లిబరలిజం, కన్‌స్ట్రక్టివిజం థియరీలు మూడూ పెట్టాలా ఒక్కటి చాలా? ఇంకోటి, నాకు స్టాటిస్టిక్స్ పెద్దగా రాదు, అది లేకుండా మంచి పని చెయ్యొచ్చా? ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్తే చాలా సాయం అవుతుంది.

పాతపేజీలు:

మీ గైడ్ అడిగింది సరైన ప్రశ్నేనండి. మీరు రాసిన మూడు చాప్టర్లూ వార్తాపత్రికలో సంపాదకీయంలా ఉన్నాయి, చదవడానికి బానే ఉంటాయి, కానీ అందులో ఏదీ తప్పయ్యే అవకాశం లేదు. తప్పయ్యే అవకాశం లేని వాక్యం పరిశోధన కాదు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి కాదు, నేనూ ఇదే టాపిక్ చుట్టూ ఏడాదిన్నర తిరిగాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఈ ధ్రువం అనే మాట ఎక్కడిదో చూడండి. 1964లో ఒకే ఏడాది రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త కెన్నెత్ వాల్ట్జ్‌ది, రెండు పెద్ద శక్తులు ఉన్న ప్రపంచమే నిలకడగా ఉంటుంది, ఎందుకంటే ఎవరికి ఎవరు ప్రమాదమో ఇద్దరికీ స్పష్టంగా తెలుసు, లెక్క తప్పే ఛాన్స్ తక్కువ అని. రెండోది కార్ల్ డాయిష్, డేవిడ్ సింగర్ కలిసి రాసింది, సరిగ్గా దీనికి రివర్స్: శక్తులు ఎక్కువైతే ప్రతి దేశం తన దృష్టిని నలుగురి మీదా పంచాల్సి వస్తుంది, ఒక్కడి మీదే పగ పెంచుకోలేదు, పొత్తులు అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి, కాబట్టి గొడవలు చల్లబడతాయి అని. ఇద్దరూ తర్కంతోనే వచ్చారు, ఇద్దరూ పెద్దవాళ్ళే, కానీ చేరిన చోటు మాత్రం పూర్తిగా వేరు. అంటే "బహుళధ్రువం కాబట్టి ఇలా అవుతుంది" అని మీరు రాయగానే, ఏ దారిలో అలా అవుతుంది అని చదివేవాడు అడుగుతాడు, ఆ దారి చెప్పకపోతే వాక్యం గాల్లో ఉన్నట్టే.

ఇంకా బలమైన ఉదాహరణ యూరప్‌లోనే ఉంది. 1914కి ముందూ యూరప్ బహుళధ్రువమే, 1930ల్లోనూ బహుళధ్రువమే. కానీ 1914లో ఒక దేశం యుద్ధంలోకి దిగితే గొలుసుతో కట్టేసినట్టు మిగతావన్నీ వెనకాలే దిగాయి, 1930ల్లో హిట్లర్ పెరుగుతుంటే బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ ఎవరికి వాళ్ళు "ముందు పక్కోడు ఆపుతాడులే" అని బాధ్యత పక్కకి నెట్టాయి. నిర్మాణం ఒకటే, ప్రవర్తన మాత్రం తలకిందులు. 1990లో థామస్ క్రిస్టెన్‌సెన్, జాక్ స్నైడర్ దీన్నే పట్టుకుని రాశారు, తేడా ఎక్కడుందంటే దాడి చేసేవాడికి లాభమా, కాచుకునేవాడికి లాభమా అని ఆయా దేశాలు నమ్మిన దాంట్లో ఉందన్నారు. ఆ వ్యాసం దొరికితే చదవండి, చిన్నదే, ఒక ప్రశ్నని ఎలా పట్టుకోవాలో అందులో కనిపిస్తుంది: "ఒకే పరిస్థితిలో రెండు వేర్వేరు ఫలితాలు ఎందుకు వచ్చాయి?" మీక్కావాల్సింది అలాంటి వాక్యం ఒక్కటి.

ఇక బహుళధ్రువం అయిందా లేదా అని మీరు నిరూపించే పని పెట్టుకోవద్దు, అదే ఒక పెద్ద తగాదా. 2023లో కూడా స్టీఫెన్ బ్రూక్స్, విలియం వోల్‌ఫోర్త్ ఇది బహుళధ్రువం కానే కాదని గట్టిగా వాదించారు. అలాగని చర్చ లేనట్టు రాయొద్దు, ఒక పేజీలో ఎవరేమన్నారో చెప్పి, నేను ఈ అర్థంలో వాడుతున్నా అని గీత గీసి ముందుకెళ్ళండి.

థియరీలు మూడూ పెట్టడం మాత్రం వద్దు. మూడు చాప్టర్లలో మూడు థియరీలు వర్ణించి నాలుగో చాప్టర్‌లో వాటిని వాడకుండా వదిలేసిన డిసర్టేషన్లు చాలా చూశాను. ప్రశ్న దొరికాక ఆ ప్రశ్నకి ఏది జవాబు చెప్పగలదో అదే తీసుకోండి.

లెక్కలపెట్టె:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట, ధ్రువాల్ని ఎలా లెక్కపెడతారో తెలియకుండా ఆ మాట వాడొద్దు, వైవాలో మొదట అడిగేది అదే. స్టాటిస్టిక్స్ రాకపోయినా ఇది అర్థం చేసుకోవచ్చు, కూడికలు తీసివేతలే.

సింగర్ మిషిగన్ యూనివర్సిటీలో 1963లో మొదలెట్టిన కోరిలేట్స్ ఆఫ్ వార్ ప్రాజెక్ట్ ఉంది కదా, అందులో ఒక సూచీ ఆరు అంశాలతో ఉంటుంది: మొత్తం జనాభా, పట్టణ జనాభా, ఇనుము ఉక్కు ఉత్పత్తి, ఇంధన వినియోగం, సైనిక ఖర్చు, సైనికుల సంఖ్య. ప్రపంచం మొత్తంలో ప్రతి దేశం వాటా ఎంతో తీసి సగటు వేస్తారు. దాని ప్రకారం ఇప్పుడు చైనా అమెరికా కంటే ముందుంది. ఎందుకంటే అందులో ఉన్నవి మనుషులు, ఉక్కు, ఇంధనం. అదే సైనిక ఖర్చు ఒక్కటే చూస్తే 2024లో అమెరికా దాదాపు 997 బిలియన్ డాలర్లు, చైనా అంచనా 314 బిలియన్లు, ఇది స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. ఒకే ప్రపంచం, రెండు కొలబద్దలు, రెండు కథలు.

మైకేల్ బెక్లీ అనే రాజనీతి శాస్త్రవేత్త 2018లో ఇదే పట్టుకున్నాడు, మొత్తం వనరులు కాదు, ఖర్చులు పోగా మిగిలేది చూడాలి అని. జనం ఎక్కువుంటే వాళ్ళని పోషించడానికీ కాపాడడానికీ కూడా ఎక్కువ పోతుంది కదా. దానికి 1839-42 నల్లమందు యుద్ధం మంచి ఉదాహరణ, అప్పటికి చైనా ఆర్థిక వ్యవస్థ మొత్తంగా బ్రిటన్ కంటే చాలా పెద్దది, అయినా ఓడిపోయింది.

పైగా రంగాన్ని బట్టి ధ్రువాల సంఖ్య మారిపోతుంది. ఐఎంఎఫ్‌లో ముఖ్యమైన నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా దగ్గర 16 శాతానికి పైనే ఉన్నాయి, అంటే అక్కడ ఒక్క దేశం చాలు ఆపడానికి. భద్రతా మండలిలో వీటో ఐదుగురికి. బ్రిక్స్ దేశాలు పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంక్‌లో ఐదు వ్యవస్థాపక దేశాలవీ సమాన వాటాలు, ఎవరికీ వీటో లేదు. ఇప్పుడు చెప్పండి, ప్రపంచం ఎన్ని ధ్రువాలది? ఏ గదిలో కూర్చున్నారో దాన్ని బట్టి ఉంటుంది. నా సలహా ఏంటంటే ముందు ఒక గది ఎంచుకోండి.

ఉదాహరణకి ఐరాస జనరల్ అసెంబ్లీ. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద దాడిని ఖండించే తీర్మానానికి అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. ఏప్రిల్ 7న రష్యాని మానవ హక్కుల మండలి నుంచి సస్పెండ్ చేసే తీర్మానానికి 93, 24, 58. మధ్యలో ఐదు వారాలే. మొదటిదానికి అవునని, రెండోదానికి తటస్థంగా ఉన్నవాళ్ళలో బ్రెజిల్, మెక్సికో, ఈజిప్ట్, యూఏఈ ఉన్నాయి. ఇండియా రెండుసార్లూ తటస్థమే, చైనా మొదటిసారి తటస్థం, రెండోసారి వ్యతిరేకం. ఖండించడానికి ఒప్పుకున్న దేశం శిక్షించడానికి ఎందుకు వెనక్కి తగ్గింది? ఇది నిజంగా ప్రశ్నేనండి. ఓట్ల రికార్డులు ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి, ఓటేశాక ఎందుకేశామో ప్రతినిధులు చెప్పిన వివరణలు కూడా దొరుకుతాయి, అవి చదవడానికి స్టాటిస్టిక్స్ అక్కర్లేదు.

ఉదయపర్వం:

ఇద్దరూ బాగా చెప్పారు కానీ ఒకటి వదిలేశారనిపిస్తుంది. బహుళధ్రువం అనేది కొలిచే వస్తువు మాత్రమే కాదు, అది దేశాలు వాడే మాట కూడా, ఒక కోరిక, ఒక డిమాండ్. 1997 ఏప్రిల్‌లో రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్, చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ మాస్కోలో బహుళధ్రువ ప్రపంచం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టారు. 1997 అంటే గుర్తుంచుకోండి, అమెరికా ఆధిపత్యం ఎదురులేకుండా ఉన్న రోజులు, రష్యా ఆర్థికంగా నలిగిపోయి ఉంది, ఆ తర్వాతి ఏడాదే అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. అంటే ఏ కొలబద్ద పెట్టినా బహుళధ్రువం కానప్పుడే ఆ మాట దౌత్య పత్రాల్లోకి వచ్చేసింది. ముందు మాట, తర్వాత వాస్తవం. దీన్ని ఉక్కు ఉత్పత్తితో ఎలా వివరిస్తారు?

ఇంకా వెనక్కెళ్తే 1955లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిశాయి, 1961 బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమం మొదలైంది. వాటిలో చాలావాటికి అప్పుడప్పుడే స్వాతంత్ర్యం వచ్చింది, చేతిలో సైన్యం లేదు డబ్బు లేదు, వాల్ట్జ్ లెక్కలో అవి ధ్రువాలు కావు, కానీ వలసపాలన తప్పు అనేదాన్ని అంతర్జాతీయ నియమంగా నిలబెట్టడంలో ఆ దేశాల పాత్ర చాలా పెద్దది. 1960లో జనరల్ అసెంబ్లీ వలస రాజ్యాలకి స్వాతంత్ర్యం ఇవ్వాలని తీర్మానం చేస్తే ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు, వలసపాలక దేశాలు తటస్థంగా కూర్చున్నాయి. ధ్రువాల లెక్కతోనే చరిత్ర రాస్తే ఇవన్నీ కనిపించకుండా పోతాయని నా బాధ. అమితవ్ ఆచార్య అనే అంతర్జాతీయ సంబంధాల పండితుడు బహుళధ్రువం అనే మాట బదులు మల్టీప్లెక్స్ అంటాడు, ఒకే భవనంలో చాలా తెరల మీద చాలా సినిమాలు నడుస్తున్నట్టు, దేశాలే కాక సంస్థలు, కంపెనీలు, ప్రాంతీయ కూటములు కూడా కథలు చెప్తున్నాయని. ఆ పోలిక నాకు పూర్తిగా నచ్చదు, కానీ ధ్రువం అనే మాట యూరప్ గతాన్నే భవిష్యత్తు మీద పరుస్తుందనే ఆయన అభ్యంతరం మాత్రం నిజం.

మన దగ్గర కూడా ఆలోచనకి లోటు లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పిన మండలంలో, అంటే రాజ్యాల వలయంలో, పన్నెండు మంది రాజులు ఉంటారు, అందులో శత్రువు, మిత్రుడు మాత్రమే కాదు, ఇద్దరి మధ్యలో ఉండే మధ్యముడు, దూరంగా తటస్థంగా ఉండే ఉదాసీనుడు అని ఇద్దరు ఉంటారు. ఆరు నీతుల్లో ఒకటి ద్వైధీభావం, ఒకరితో సంధి చేసుకుంటూ ఇంకొకరితో విగ్రహం, అంటే వైరం, నడపడం. ఇప్పుడు హెడ్జింగ్ అని, అంటే ఏ ఒక్క పక్షానికీ కట్టుబడకుండా అందరితో దారులు తెరిచి ఉంచుకోవడం మీద, పేపర్ల మీద పేపర్లు వస్తున్నాయి కదా, దానికి దగ్గరి ఆలోచనే. అయితే పక్కపక్కన పెట్టి "అంతా మనవాళ్ళే చెప్పేశారు" అనే వాక్యం రాయకండి, అక్కడ రాజు గెలవాలనే కోరికతో ఉన్న విజిగీషువు, ఇక్కడ హెడ్జింగ్ చేసే దేశం చాలాసార్లు ఎవరి గెలుపూ కోరుకోదు. ఆ తేడా దగ్గరే పని మొదలవుతుంది.

తెల్లకాగితం:

మీ ముగ్గురికీ చాలా థాంక్స్ అండి, రెండు రోజులు ఇవన్నీ చదువుతూ కూర్చున్నా. ఉదయపర్వం గారు మధ్యముడు అన్నది నా బుర్రలో ఉండిపోయింది. ఇప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇది: పెద్ద శక్తుల మధ్యలో ఉండి మధ్యవర్తిత్వం చేసే దేశాలు. 2020 ఫిబ్రవరిలో అమెరికా, తాలిబాన్ ఒప్పందం ఖతార్ రాజధాని దోహాలో జరిగింది. 2022 జులైలో ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని యుద్ధం మధ్యలో బయటికి పోనిచ్చే నల్లసముద్రం ధాన్యం ఒప్పందం ఇస్తాంబుల్‌లో. 2023 మార్చిలో సౌదీ, ఇరాన్ మళ్ళీ దౌత్య సంబంధాలు పెట్టుకునే ఒప్పందం బీజింగ్‌లో. కాబట్టి "బహుళధ్రువ ప్రపంచం మధ్యస్థాయి దేశాలకి మధ్యవర్తులయ్యే అవకాశం ఇచ్చింది" అని వాదిస్తే? ఇది తప్పయ్యే అవకాశం ఉన్న వాక్యమేనా?

పాతపేజీలు:

ఉంది, అందుకే నాకు నచ్చింది. ఇప్పుడు దాన్ని తప్పు అని చూపడానికి నేనే ప్రయత్నిస్తా చూడండి.

1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ బందీల వ్యవహారం గుర్తుందా, 52 మంది, 444 రోజులు. దాన్ని తెంచింది 1981 జనవరి అల్జీర్స్ ఒప్పందం, మధ్యవర్తి అల్జీరియా. ప్రపంచం అప్పుడు ద్విధ్రువమే, అల్జీరియా పెద్ద శక్తి కాదు. 1971లో అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్ళడానికి దారి ఇచ్చింది పాకిస్తాన్. అంటే ధ్రువాలు రెండే ఉన్నప్పుడు కూడా మధ్యలో ఉన్నవాళ్ళు ఈ పని చేశారు. మరి మీరు చెప్పే కొత్తదనం ఏంటి? ఎక్కువసార్లు జరుగుతోందా, లేక జరిగే తీరు మారిందా? "ఎక్కువసార్లు" అంటే లెక్కలపెట్టె గారు చెప్పినట్టు లెక్కెయ్యాలి. "తీరు మారింది" అంటే రెండు కేసులు లోతుగా పోల్చాలి, అది మీరు చెయ్యగలరు.

ఇంకో గమనిక, మీ మూడు ఉదాహరణల్లో బీజింగ్ వేరే జాతి. చైనా మధ్యస్థాయి దేశం కాదు, అది స్వయంగా ధ్రువం. పైగా ఆ ఒప్పందానికి ముందు రెండేళ్ళు సౌదీ, ఇరాన్ మాటలు ఇరాక్, ఒమన్‌లలో నడిచాయి, మార్చి ప్రకటనలోనే ఆ రెండు దేశాలకీ కృతజ్ఞత చెప్పారు. చివరి ఫొటో ఎక్కడ తీశారో అక్కడే పనంతా జరిగిందనుకుంటే దౌత్యం అర్థం కాదు.

ధాన్యం ఒప్పందం ఒక్కటి తీసుకోండి, అది బంగారు గని. రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు, రెండూ విడివిడిగా తుర్కియేతో, ఐరాసతో పెట్టాయి. శత్రువుతో ఒప్పందం చేసుకోకుండానే శత్రువుతో పని చేసే ఏర్పాటు అన్నమాట. అల్జీర్స్‌లోనూ అచ్చం ఇంతే, అమెరికా, ఇరాన్ నేరుగా ఒకరికొకరు మాటివ్వలేదు, అసలు పత్రాలు అల్జీరియా ప్రభుత్వం పేరుతో ప్రకటనలుగా వచ్చాయి, రెండు దేశాలూ వాటికి కట్టుబడ్డాయి. నలభై ఏళ్ళ దూరంలో ఒకే పనిముట్టు! ఇది చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

తేడా ఎక్కడంటే తుర్కియే పరిస్థితిలో. 1952 నుంచి నాటో సభ్యదేశం, ఉక్రెయిన్‌కి డ్రోన్లు అమ్మింది, మార్చి 2 తీర్మానానికి అవునని ఓటేసింది, కానీ రష్యా మీద ఆంక్షల్లో చేరలేదు, 2019లో రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థలు తెచ్చుకుని అమెరికా ఎఫ్-35 యుద్ధవిమానాల ప్రోగ్రామ్ నుంచి బయటికి పోవాల్సి వచ్చినా వెనక్కి తగ్గలేదు. చేతిలో 1936 మాంట్రో ఒప్పందం ఉంది, నల్లసముద్రంలోకి దారిచ్చే జలసంధుల తాళం. కూటమిలో ఉంటూనే కూటమికి అవతలివాడితో ఇంత దూరం వెళ్ళడం ప్రచ్ఛన్న యుద్ధంలో సాధ్యమయ్యేదా? అల్జీరియా అలీన దేశం, అది బయట నుంచి మధ్యవర్తి అయింది. తుర్కియే లోపల నుంచి అయింది. మీ ప్రశ్న ఇక్కడుందేమో చూడండి.

లెక్కలపెట్టె:

నేనూ ఒకటి కలుపుతా. ఆ ఒప్పందం ఎలా నడిచిందో ఎంత మంచి ప్రశ్నో ఎలా ఆగిందో కూడా అంతే. దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు దాటాయి, ఇస్తాంబుల్‌లో నలుగురి ఉమ్మడి కేంద్రం ఓడల్ని తనిఖీ చేసింది, పొడిగింపులు 120 రోజులు, తర్వాత 60, 60, చివరికి 2023 జులై 17న రష్యా బయటికొచ్చేసింది. గడువు కుదించుకుంటూ పోవడమే బేరం. మధ్యవర్తికి ఇద్దరూ కావాలి కానీ ఇద్దర్నీ కట్టిపడేసే బలం తన దగ్గర లేదు. అల్జీర్స్‌లో మాత్రం డబ్బు మూడో చోట ఎస్క్రోలో, అంటే షరతు తీరేదాకా మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతాలో, పడ్డాకే బందీలు కదిలారు, పని ఒక్కసారిలో అయిపోయింది, తర్వాత వివాదాలు తేల్చడానికి హేగ్‌లో పెట్టిన ట్రిబ్యునల్ దశాబ్దాల పాటు నడిచింది. ఒకసారి ఇచ్చిపుచ్చుకునే బేరానికీ, రోజూ ఇవ్వాల్సిన బేరానికీ చాలా తేడా. మీరు ధ్రువాలకి ఆపాదించే ఫలితం నిజానికి బేరం స్వభావం వల్ల వచ్చిందేమో అని వైవాలో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, దానికి రెండు పేజీలు ముందే రాసి పెట్టుకోండి.

ఉదయపర్వం:

సోర్సుల గురించి ఒక్క మాట. అల్జీర్స్ వైపు అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి వేస్తున్న దౌత్య పత్రాల సంపుటాలు ఆన్‌లైన్‌లో ఉచితం, ఏదో ఒక అధికారి రాత్రి రెండింటికి పంపిన కేబుల్ కూడా దొరకొచ్చు. తుర్కియే వైపు అలాంటివి ఉండవు, ప్రకటనలు, ప్రెస్ మీట్లు, ఐరాస పత్రాలే గతి. ఒక పక్క లోపలి మాటలు, ఇంకో పక్క బయటి మాటలు పెట్టి పోలిస్తే తెలీకుండానే పాతవాళ్ళు తెలివైనవాళ్ళలా, ఇప్పటివాళ్ళు ఉపన్యాసాలిచ్చేవాళ్ళలా కనిపిస్తారు. మెథడ్ చాప్టర్‌లో ఇది రాయండి. తుర్కిష్ రాకపోతే ఇంగ్లిష్ అనువాదాలే వాడుతున్నా అని కూడా రాయండి, దాచొద్దు.

తెల్లకాగితం:

ఈ పొద్దున మూడో సినాప్సిస్ రాశాను. ప్రశ్న ఇదీ: "కూటమి బయట ఉన్న మధ్యవర్తి, కూటమి లోపల ఉన్న మధ్యవర్తి శత్రు దేశాల మధ్య పరోక్ష ఒప్పందాన్ని కుదర్చడంలో ఎక్కడ తేడా పడ్డారు, 1981 అల్జీర్స్, 2022 ఇస్తాంబుల్." బహుళధ్రువం అనే మాట టైటిల్‌లోంచి తీసేసి రెండో చాప్టర్‌లోకి తెచ్చా. బ్రిక్స్ చాప్టర్ మొత్తం తీసేశా, ఇరవై రెండు పేజీలు పోయాయి, కొంచెం బాధగానే ఉంది.

పాతపేజీలు:

ఆ పేజీలు పారెయ్యకండి, వేరే ఫైల్‌లో ఉంచండి. ప్రశ్నలో "ఎక్కడ తేడా పడ్డారు" బదులు "ఎందుకు" పెట్టి ఒకసారి చదివి చూడండి, మీ గైడ్ అక్కడే ఆగుతారనిపిస్తోంది. సోమవారం ఏమన్నారో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటా.